వెయ్యి బీడీల లెక్క

నాకు 73 ఏళ్ళు నిండాయి. నిజామాబాద్ జిల్లాలో ఒక బీడీ కార్ఖానాలో 13 ఏళ్ళు మున్షీగా లెక్కలు రాశాను. ఆ తర్వాత 28 ఏళ్ళు బీడీలు చుట్టే ఆడవాళ్ళ సంఘంలో తిరిగాను. కూలి ఇచ్చే కిటికీకి లోపలి పక్క కొంతకాలం, బయటి పక్క అంతకు రెట్టింపు కాలం నిలబడ్డానన్నమాట. 2025 నవంబర్ 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చినప్పటి నుంచి కనీస వేతనం మాట మళ్ళీ అందరి నోళ్ళలో నానుతోంది. పెంచాలా వద్దా, పెంచితే ఎంత, పెంచితే పరిశ్రమలు నిలుస్తాయా అని టీవీల్లో వాదించుకుంటున్నారు. మా మనవలు కూడా నన్నదే అడుగుతున్నారు. పెంచాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ పెంచమని కొట్లాడి, గెలిచి, ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో ఏమీ లేని రోజులు నాకు తెలుసు. ఇప్పుడు సంఘాల్లో పనిచేస్తున్న పిల్లల కోసం నాకు తెలిసినవి వరుసగా రాస్తున్నాను.

1. రేటు ఎంతని అడిగే ముందు ఎన్ని రోజులని అడగండి

బీడీ కూలి రోజు లెక్కన ఉండదు, వెయ్యి లెక్కన ఉంటుంది. ప్రభుత్వం జీవో ఇచ్చినా, కంపెనీలూ సంఘాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నా, అందులో ఉండే మాట "వెయ్యి బీడీలకు ఇంత" అనే. ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. ఆడవాళ్ళు ఇంటికి తీసుకుపోయి చుట్టి తెస్తారు.

నేను సంఘంలోకి వచ్చిన కొత్తలో ఒక పెంపు కోసం మూడు వారాలు కార్ఖానాల ముందు కూర్చున్నాం. వెయ్యికి మూడు రూపాయలు పెరిగింది. ఆ రాత్రి ఊళ్ళో డప్పులు మోగాయి, ఆడవాళ్ళు పోచమ్మ గుడి ముందు కొబ్బరికాయలు కొట్టారు. ఆ మరుసటి నెల, వారానికి ఆరు రోజులు ఇచ్చే ఆకు నాలుగు రోజులకు దిగింది. ఆ నాలుగు రోజులు కూడా వెయ్యికి కాకుండా ఏడు వందలకు సరిపడానే తూచి ఇచ్చారు. అడిగితే "మాల్ పోతలేదు" అన్నారు. నెలాఖరున ఒకామె కార్డు తీసుకుని ఆమె గడప మీదే కూర్చుని లెక్క వేశాను. పెంపుకు ముందు నెలలో 25 వేలు చుట్టిన మనిషి, పెంపు తర్వాత నెలలో 12 వేలు చుట్టింది. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "కూలి పెరిగిందంటిరి కద సారూ" అన్నది. నిష్ఠూరంగా అనలేదు, అర్థంకాక అడిగింది.

అందులో దొంగ లెక్క ఒక్కటి కూడా లేదు. ఒప్పందంలో రాసిన రేటును పైసాతో సహా ఇచ్చారు. ఒప్పందంలో రోజుల మాట లేదు, అంతే. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే, ముక్కల లెక్కన పనిచేసేవాళ్ళకు రోజుకు ఇంతకు తగ్గకుండా హామీ కూలి నిర్ణయించే వీలు ఉండేది. ఆ సెక్షన్ చదవడానికి మాకు ఐదేళ్ళు పట్టింది. ఆ తర్వాత కూర్చున్న ప్రతి చర్చలోనూ మా కాగితంలో మొదటి డిమాండు నెలకు ఇన్ని రోజుల పని అన్నదే. అది ఒప్పించడం రేటు పెంచుకోవడం కంటే కష్టమని కూడా చెప్పాలి. రేటు మీద గంటలో దిగివచ్చే యజమానులు రోజుల మాట ఎత్తితే లేచిపోయేవారు.

2. కూలి కిటికీ దగ్గరే తగ్గిపోతుంది

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నా చెయ్యి ఉంది.

సాయంత్రం నాలుగింటికి కార్ఖానా కిటికీ తెరుస్తాం. ఆడవాళ్ళు చాటల్లో, గంపల్లో బీడీలు పెట్టుకుని వరుసలో నిలబడతారు. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. చెకర్ ఒక్కో కట్ట అందుకుని బొటనవేలితో నొక్కి చూస్తాడు. మూతి సరిగా మడవలేదని ఒకటి, దారం వదులని ఒకటి, లావని ఒకటి, సన్నమని ఒకటి పక్కన పడేస్తాడు. ఆ ఏరేసినవి లెక్కలోకి రావు. వాటి బదులు వేరే చుట్టి తెచ్చి వెయ్యి నింపాలి, లేదా ఆ మేరకు కూలి పోవాలి. పాడైన బీడీ ఏరేస్తే తప్పేముందని అనిపించవచ్చు. కానీ ఏరేసినవాటిని తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు. బల్ల కింద గంపలో వేసేవారు. రాత్రి కిటికీ మూశాక ఆ గంప ప్యాకింగు గదిలోకి పోయేది. మంచివాటితో కలిసి అవీ లేబుల్ వేసుకుని బజారుకు పోయేవి. ఆ బీడీలకు మేము ఇచ్చిన కూలి సున్నా. నేను రాసిన పుస్తకంలో అవి "అదనపు మాల్" అనే ఖాతాలో ఉండేవి.

ఆకు సంగతి మరొకటి. తునికాకు ఎండాకాలంలో అడవిలో కోస్తారు, ఎండబెట్టి కట్టలు కట్టి గోదాముల్లో పెడతారు. అది కార్ఖానాకు వచ్చేసరికి కొంత చిల్లులు పడి ఉంటుంది, కొంత మచ్చలు పట్టి ఉంటుంది, ఈనెలు లావుగా ఉంటాయి. వెయ్యి బీడీలకని తూచి ఇచ్చిన ఆకులో ఏడెనిమిది వందలే వచ్చిన రోజులు చాలా. మిగతా ఆకు ఆమె బజారులో కొనుక్కోవాలి. "గింత ఆకుల వెయ్యెట్లయితయి సారూ" అని రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. రోజూ నేను తల వంచుకుని పుస్తకంలోకి చూసేవాణ్ణి.

ఆ వరుసలో మా అక్క కూడా నిలబడేది. నన్ను పదో తరగతి దాకా చదివించింది ఆమె చుట్టిన బీడీల డబ్బే. ఒక వానాకాలం సాయంత్రం చెకర్ ఆమె కట్టల్లో ఐదు పక్కన పడేశాడు. నూట పాతిక బీడీలు. తడి గాలికి ఆకు మెత్తబడిందని కారణం. ఆమె కిటికీలోంచి నా వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. నేను 875 అని రాశాను. రాత్రి ఆమె ఇంటికి పోతే ఎప్పటిలాగే అన్నం పెట్టింది. ఆ కట్టల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్క పోయి పదకొండేళ్ళయింది. ఆ అంకె ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసును 1982లో సుప్రీం కోర్టు విన్నది. అక్కడ కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదార్లు అందులో రూపాయి కమీషన్ పట్టుకుని 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవారు. కనీస వేతనానికి తగ్గించి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని జస్టిస్ భగవతి తీర్పు రాశారు. ఆకలి తప్ప వేరే దారి లేని మనిషి ఆ కూలికి ఒప్పుకోవడం కూడా బలవంతమేనన్నారు. సంఘంలోకి వచ్చాక ఆ తీర్పు సారాంశం ఒక పాత పత్రికలో చదివాను. అక్కడి రూపాయికీ మా కిటికీ దగ్గరి ఐదు కట్టలకూ తేడా నాకు కనబడలేదు. మీరు పెంపు కోసం వెళ్ళినప్పుడు ఏరివేతకు హద్దు, ఆకు తూకానికి హద్దు, ఏరేసినవి ఆమె కళ్ళ ముందే తుంచేయాలన్న షరతు, ఈ మూడూ రాయించండి. ఆ మూడోది మేము రెండు కార్ఖానాల్లో సాధించాం. తుంచేయాల్సి వచ్చేసరికి ఏరివేత దానంతట అదే తగ్గింది.

3. ఆ అంకె వెనక ఎవరి కడుపు ఉందో తెలుసుకోండి

కనీస వేతనం గాలిలోంచి ఊడిపడిన సంఖ్య కాదు. 1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఒక లెక్క చెప్పింది. సంపాదించే ఒక మనిషి మీద మూడు యూనిట్ల కుటుంబం ఆధారపడుతుంది. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2700 కేలరీల తిండి కావాలి. మనిషికి ఏడాదికి 18 గజాల చొప్పున నలుగురికి 72 గజాల బట్ట కావాలి. ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకంలో ఉన్నంత ఇంటి అద్దె ఉండాలి. వంట చెరుకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తంలో 20 శాతం ఉండాలి. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీం కోర్టు దీనికి ఇంకో 25 శాతం కలిపింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్ళిళ్ళు, ముసలితనం అన్నీ అందులో ఉన్నాయి.

ఈ లెక్కను నేను తరగతుల్లో చాలాసార్లు చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు ఆర్మూరు పక్కన ఒక ఊళ్ళో ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. మూడు యూనిట్లు ఎలా వచ్చాయో విడదీసి చెప్పాను. మగవాడు ఒకటి, ఆడమనిషి 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. ఒక పెద్దావిడ చెయ్యి ఎత్తి, "నేను ఒక్కదాన్నే సంపాదిస్త. ఆయన దుబాయిల ఉండి పైసలు పంపకబట్టె. మరి ఒకటి ఎవలు, సున్నా పాయింటు ఎనిమిది ఎవలు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ లెక్క రాసినవాళ్ళు మగవాడు సంపాదిస్తాడు, ఆడది వండుతుంది అనుకుని రాశారు. ఆడవాళ్ళ సంపాదనను లెక్కలోకి తీసుకోకూడదని కూడా అందులో ఉంది. కుటుంబం బతకడానికి ఒకరి కూలే చాలాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన మాట అది. కానీ మా దగ్గర బీడీ రేటు మాట్లాడేటప్పుడు కంపెనీవాళ్ళు దాన్నే తిప్పి, "ఇది ఇంటి దగ్గర తీరిక వేళల్లో ఆడవాళ్ళు చేసుకునే పని, పైఖర్చులకు" అనేవారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆకు నానబెట్టి, కత్తిరించి, మధ్యలో వండి, మళ్ళీ కూర్చుని రాత్రి పది దాకా చుట్టే పనిని తీరిక అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.

2019లో అనూప్ శత్పథి కమిటీ ఆ లెక్కను సరిదిద్దే ప్రయత్నం చేసింది. మూడు యూనిట్లను 3.6కు పెంచింది. కేలరీలను 2400కు తగ్గించినా, రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలంది. 2018 జూలై ధరల ప్రకారం దేశమంతటా రోజుకు 375 రూపాయల కంటే తక్కువ ఉండకూడదని చెప్పింది. అప్పటికి జాతీయ కనీస స్థాయి 176 రూపాయలు. ఆ ఏడాది కేంద్రం దాన్ని 178 చేసింది. కమిటీ కుటుంబాల తిండి, బట్ట, అద్దె లెక్కగట్టి చెప్పిన సంఖ్య పక్కన పెట్టి, రెండు రూపాయలు కలిపారు. పెంచాలా వద్దా అని వాదించే పెద్దమనుషులు ఒక్కసారి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని, 178 రూపాయలతో నలుగురికి ఒక రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాసి చూపించాలని నా కోరిక.

4. "పెంచితే పని పోతుంది" అన్న మాటను కొట్టిపారేయకండి

ఈ మాట అన్నవాణ్ణల్లా యజమాని తొత్తు అనేవాణ్ణి ఒకప్పుడు. అది తప్పు. కొన్నిసార్లు పని నిజంగానే పోతుంది.

1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. కేరళ దాన్ని 1968లో అమల్లో పెట్టింది. పని గంటలు, సెలవులు, ఇతర సౌకర్యాలు ఇవ్వాల్సి వచ్చేసరికి, కన్నూరు ప్రాంతంలో పని ఇచ్చే మంగళూరు యజమానులు ఆ రాష్ట్రంలో కార్ఖానాలు మూసేశారు. వేలాది మంది వీధిన పడ్డారు. చట్టం మంచిదే, దాని ఫలితంగా పొయ్యి ఆరింది. కానీ కథ అక్కడ ఆగలేదు. 1969లో ప్రభుత్వం పెట్టుబడి సాయం చేయగా ఆ కార్మికులే దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. చట్టం చెప్పినవన్నీ ఇస్తూనే దశాబ్దాలు నడిపారు. బీడీ తాగేవాళ్ళు తగ్గాక గొడుగులు, మసాలాలు, కొబ్బరి పదార్థాలు, బట్టల తయారీకి మళ్ళారు. యజమానులు పారిపోయారన్నదీ నిజం, కూలి ఇచ్చి కూడా బీడీ పరిశ్రమ నడిచిందన్నదీ నిజం. మీరు చర్చకు వెళ్ళినప్పుడు రెండూ చెప్పండి. ఒక్కటే చెబితే ఎదుటివాడు రెండోది చెప్పి మీ నోరు మూయిస్తాడు.

మా కంపెనీలు కూడా ప్రతి ఒప్పందంలోనూ "ఇక్కడ రేటు పెరిగితే మాల్ పక్క రాష్ట్రానికి పంపుతాం, అక్కడ తక్కువకు చుడతారు" అనేవి. కొంత పంపాయి కూడా. ఆకు, తంబాకు, దారం లారీలో ఎక్కడికైనా పోతాయి. కార్మికురాలు పోలేదు, ఆమె ఇల్లు, పిల్లలు, పొలం ఇక్కడ ఉన్నాయి. అందుకే రాష్ట్రానికొక రేటు ఉన్నంతకాలం ఒక రాష్ట్రం ఆడవాళ్ళను చూపించి మరో రాష్ట్రం ఆడవాళ్ళను బెదిరించడం ఆగదు. వేతనాల కోడ్‌లో కేంద్రం ఒక కనీస స్థాయి నిర్ణయించాలనీ, ఏ రాష్ట్రమూ అంతకు తగ్గకూడదనీ ఉంది. ఈ కోడ్ మీద నాకు వేరే అభ్యంతరాలు చాలా ఉన్నా, ఈ ఒక్క నిబంధనను గట్టిగా పట్టుకోమని చెబుతాను. ఆ స్థాయి 178 పక్కన నిలబడితే బెదిరింపు అలాగే ఉంటుంది. 375ను నేటి ధరలకు తెచ్చి నిలబెడితే లారీకి పోయే చోటు ఉండదు.

బీడీ ఎన్నాళ్ళు ఉంటుందన్నది వేరే సంగతి. ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయాలన్న నిబంధన 2016లో అమల్లోకి వచ్చినప్పుడు కంపెనీలు కొన్నాళ్ళు కార్ఖానాలు మూసి, ఆడవాళ్ళ ఆకలిని ప్రభుత్వానికి చూపించాయి. పొగాకు తగ్గాలి, తగ్గుతుంది. దాని దుమ్ము పీల్చి దగ్గే ఆడవాళ్ళను చూసినవాడిగా అది నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. తగ్గే పరిశ్రమలో ఉన్నవాళ్ళకు తక్కువ కూలి చాలన్న వాదనను మాత్రం ఒప్పుకోను.

5. అదే మాట సముద్రం అవతల కూడా వినబడింది

మా వైపు ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడతారు, మగవాళ్ళు గల్ఫ్ పోతారు. మా అక్క కొడుకు దోహాలో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. 2020 సెప్టెంబర్‌లో, కరోనా నడుమ, గల్ఫ్ పోయే మన కూలీలకు కంపెనీలు ఇవ్వాల్సిన కనీస జీతాన్ని మన ప్రభుత్వమే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఎక్కువ అడిగితే ఉద్యోగాలు బంగ్లాదేశ్, నేపాల్ వాళ్ళకు పోతాయని చెప్పిన కారణం. మా కంపెనీల నోట విన్న మాటే అది. గొడవయ్యాక 2021లో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. అదే 2021 మార్చి 20 నుంచి ఖతర్, ఏ దేశం మనిషికైనా, ఇంటిపని మనిషికి కూడా, నెలకు 1000 రియాళ్ళ కనీస జీతం పెట్టింది. కంపెనీ తిండి పెట్టకపోతే ఇంకో 300, వసతి ఇవ్వకపోతే ఇంకో 500. అది గొప్ప జీతం కాదు. కానీ అందరికీ ఒకే కనీసం పెట్టిన చోట నేపాల్ కూలీని చూపించి మనవాణ్ణి బెదిరించడం కుదరదు. మా మేనల్లుడు ఫోనులో, "మామా, ఇప్పుడు అందరిదీ ఒకటే ఉన్నది" అన్నాడు.

6. ఇవ్వలేనన్నవాడి మాట వినండి, కానీ బిల్లు ఎవరి పేరు మీద పోవాలో కనుక్కోండి

ఊళ్ళో ఆకు పంచి బీడీలు తీసుకునే చిన్న కమీషన్‌దారు నిజంగానే ఇవ్వలేడు. అతని మిగులు నాకు తెలుసు, లెక్క నేనే రాశాను. 1961లో కేరళ పెంకుల ఫ్యాక్టరీల కేసులో సుప్రీం కోర్టు, కనీస వేతనం విషయంలో యజమాని తాహతు చూడనక్కరలేదని చెప్పింది. ఆ తీర్పు సరైనదే. కమీషన్‌దారు చొక్కా పట్టుకుంటే ఏమీ రాదు. ప్యాకెట్ మీద లేబుల్ ఎవరిదో వాళ్ళ దగ్గరికే పోవాలి.

7. ప్రభుత్వం కూడా యజమానే

కరువు పనుల్లోనైనా కనీస వేతనానికి తగ్గకూడదని 1983లో రాజస్థాన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అయినా 2009లో కేంద్రం ఉపాధి హామీ కూలిని కనీస వేతనాల చట్టం నుంచి విడదీసి వంద రూపాయల దగ్గర ఆపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఆ నోటిఫికేషన్‌ను సవాలు చేశారు, కోర్టు దాన్ని నిలిపేసింది. ప్రైవేటు కంపెనీకి నీతి చెప్పే ముందు పంచాయతీ సఫాయి కార్మికుడి కూలి చిట్టా అడగండి.

8. ఏప్రిల్ 1, అక్టోబర్ 1

మన రెండు రాష్ట్రాల్లో కరువు భత్యం పాయింట్లు మారే తేదీలు ఇవి. మూల వేతనం సవరణ ఏళ్ళ తరబడి జరగకపోయినా ఇది మాత్రం జరుగుతుంది. ఆ నోటిఫికేషన్ ప్రతి తెచ్చి కార్ఖానా గోడకు అంటించండి. అది అంటించని కార్ఖానాల్లో పాత రేటే ఇస్తూ రెండు మూడు నెలలు లాగేయడం నేను చూశాను.

9. పేరు పుస్తకంలో లేకపోతే ఏ పెంపూ ఆమెది కాదు

ఇది చివరికి పెట్టాను. రాయడానికి కష్టంగా ఉంది.

ఇళ్ళ దగ్గర బీడీలు చుట్టేవాళ్ళు తమ ఉద్యోగులే కాదని కంపెనీలు చాలాకాలం వాదించాయి. వాళ్ళకూ భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో సుప్రీం కోర్టు తేల్చింది. తీర్పు వచ్చిన కొన్ని నెలలకు మా కార్ఖానాలో కొత్త రిజిస్టర్లు తెరిచారు. పేర్లు ఎక్కించే పని నాది. ఇంటికి ఒక్క పేరే రాయమని పైనుంచి చెప్పారు. ఒక ఇంట్లో అత్త, ఇద్దరు కోడళ్ళు చుడితే ముగ్గురి బీడీలూ అత్త కార్డు మీదే జమ. కంపెనీకి ఇద్దరి భవిష్యనిధి, బోనసు, సెలవు డబ్బు మిగులుతాయి. నేను రాశాను. ఇంటికి ఒకటి. నా చేత్తో వదిలేసిన పేర్లు రెండు వందల పైనే ఉంటాయి. రెండేళ్ళ తర్వాత ఆ ఉద్యోగం వదిలాను. వదలడానికి అది ఒక్కటే కారణమని చెప్పుకోను, కానీ ఆ రిజిస్టరు కూడా ఒక కారణం.

2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2,016 చేసింది. భవిష్యనిధి నంబరు ఉన్నవాళ్ళకే అది వస్తుంది. ఆ రోజుల్లో మా సంఘం ఆఫీసు ముందు తిరునాళ్ళలా జనం. ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్న. వేళ్ళ చివర్లు కత్తెరకూ దారానికీ మొద్దుబారిపోయి ఉన్నాయి. బ్యాంకు మిషను మీద వేలిముద్ర పడదని, ఆధార్‌కు మూడుసార్లు తిప్పారని చెప్పింది. ముప్పై ఏళ్ళు చుట్టాను, నంబరు లేదంటున్నారు, చూడమంది. ఊరు, ఇంటిపేరు అడిగాను. చెప్పింది. అత్త పేరు నేనే చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయి, "మా అత్త మీకెర్కనా సారూ?" అని అడిగింది.

నిజం చెప్పాను, కుర్చీలోంచి లేచి చెప్పాను. ఆమె కాసేపు నేల చూసింది. తర్వాత, "అప్పుడు మీరు రాయకున్నా ఇంకొకలు గట్లనే రాస్తుండిరి గద. ఇప్పుడైతే రాయిన్రి" అంది. ఆమె కోసం, ఆమెలాంటి మరో నలభై మంది కోసం పాత కార్డులు, కూలి చీటీలు, తోటి కార్మికుల వాంగ్మూలాలు పోగు చేసి రెండేళ్ళు తిరిగాం. పదిహేడు మందికి వచ్చింది. ఆమెకు రాలేదు. అత్త కార్డు తప్ప ఆమె చుట్టిందనడానికి ఒక్క కాగితమూ దొరకలేదు.

పాత చట్టం కింద తక్కువ కూలి ఇచ్చారని దావా వేయడానికి ఆరు నెలలే గడువు. కొత్త కోడ్‌లో మూడేళ్ళు చేశారు. కూలి ఇచ్చామని రుజువు చేసే బాధ్యత యజమాని మీద పెట్టారు. ఇది మంచి మార్పు. కానీ తన పేరు మీద కార్డు ఉన్న మనిషికే అది పనికొస్తుంది. అందుకని సంఘంలోకి వచ్చే ప్రతి పిల్లకూ నేను మొదట ఇదే పని చెబుతాను. ఊరికి పో, ఇంటింటికీ పో, ఆ ఇంట్లో ఎన్ని జతల చేతులు చుడుతున్నాయో లెక్కపెట్టు, ఎన్ని కార్డులున్నాయో లెక్కపెట్టు.

10. మొన్నటి మంగళవారం

మా వీధిలో మూడిళ్ళ అవతల ఒక కోడలు పిల్ల అరుగు మీద కూర్చుని చుడుతుంటే ఆగాను. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో ఆకు. నన్ను చూసి, "తాతా, కొత్త చట్టం వచ్చిందట, మాకు కూలి పెరుగుతదా?" అని అడిగింది. చేతులు ఆగలేదు. ఆకు మడతపడుతూనే ఉంది.

అరుగు మీద కూర్చుని, "కార్డు ఎవరి పేరు మీద ఉంది బిడ్డా?" అన్నాను.

"మా అత్తమ్మది."

"ఈ నెల ఎన్ని రోజులు ఆకిచ్చిండ్రు?"

ఆమె చాట పక్కన పెట్టి లోపలికి పోయి కార్డు తెచ్చింది. పదకొండు రోజులు. నా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న పుస్తకం తీసి పైన తారీఖు వేశాను. కింద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, అడిగి రాసుకున్నాను.